సత్యవేణక్కది అంటురోగం కాదు

నిన్న సత్యవేణక్కకు ఆఖరి స్నానం చేయించడానికి మన రొయ్యల షెడ్ నుంచి ఒక్క ఆడమనిషీ ముందుకు రాలేదు.

అంటుకుంటుందట!

నిన్న పొద్దున్నే ఆమె కూతురు దుర్గ ఫోన్ చేసి, "మావయ్యా, అమ్మ పోయింది" అంది. ఐస్ కొడుతున్న పార చేతిలో అలాగే ఉండిపోయింది. మొన్న అమలాపురం ఆసుపత్రిలో నాతో జోకులేసిన మనిషి.

నీళ్ళు ఆ పిల్ల ఒక్కతే పోసింది. మీరు ముక్కుకి కొంగులు అడ్డం పెట్టుకుని వీధిలో నిలబడ్డారు.

అక్కకున్నది లూపస్. రోగాలతో పోరాడాల్సిన శక్తే మన ఒంటి మీద తిరగబడే జబ్బు. ఎండా పడదు, చలీ పడదు. చివరికి కిడ్నీలు పోయాయి.

నేనూ తక్కువవాణ్ణి కాదు.

మూడేళ్ళ క్రితం రొయ్యలు ఒలిచే టబ్బు దగ్గర ఆమె చేతులు ముడుచుకుని కూర్చుంటే, "ఏంటక్కా, యాక్టింగా?" అని ఇంకో గంప ఐస్ కుమ్మరించాను. ఆమె గ్లవ్స్ తీసి చూపించింది. వేళ్ళు సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి. చూస్తుండగానే నీలం తిరిగాయి.

కుమ్మరించిన ఐస్ నా చేత్తోనే ఎత్తేశాను.

అప్పటిదాకా మాత్రలు బాత్రూంలో దాక్కుని మింగేది. ఆ తర్వాతే, భోజనాల టైంలో అందరి ముందూ లేచి చెప్పింది.

"ఇది అంటుకునేది కాదండీ. అంటుకునేదే అయితే మా ఆయనకి ఎప్పుడో అంటించేద్దును!"

అందరూ నవ్వారు. మీరే.

ఐస్‌లో చెయ్యి పెట్టనని సూపర్‌వైజర్‌కి మొహం మీదే చెప్పి, కాటా దగ్గర సీటు అడిగి తీసుకుంది. రొయ్యని చూసి కిలోకి ఎన్ని తూగుతాయో చెప్పేసేది. తప్పేది కాదు.

"ముందు ఎవరేం చెప్పినా ఆయ్, ఆయ్ అనేదాన్నిరా. ఈ మాయదారి జబ్బు వచ్చేకే కాదనడం నేర్చుకున్నాను."

నొప్పి పోయిందని కాదు. కొన్ని రోజులు జడ అల్లుకోలేక ఏడ్చేది. ఏడ్చి, దుర్గ చేత వేయించుకుని డ్యూటీకి వచ్చేది.

ఇప్పుడు పెద్దకర్మ అయ్యాక దుర్గ మన షెడ్‌లో పనిలోకి వస్తే, పక్కన కూర్చోనిచ్చేది లేదంటున్నారట. తల్లి పోయి నిండా రెండ్రోజులు కాలేదు!

వెళ్ళిరా అక్కా. ఎండా చలీ నిన్ను బాధపెట్టని చోట హాయిగా నిద్రపో.

మిగతావాళ్ళకి. "దుర్గ మా పక్కనే కూర్చుంటుంది" అని షెడ్ గ్రూపులో మీ మీ పేర్లతో రాయండి. సూపర్‌వైజర్ గారూ, మొదటి పేరు మీదే కావాలి.

ఎల్లుండి సాయంత్రం ఆరింటి వరకే ఆగుతాను. అప్పటికి పేర్లు పడకపోతే, ఐస్ కొట్టే పార దించేస్తాను.