తెలుగు నుంచి తెలుగులోకి తర్జుమా

మొన్న ఏలూరులో మా మనవరాలిని స్పీచ్ థెరపీ చేసే అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళాను. పాపకి నాలుగేళ్ళు దాటినా "కాకి" అనమంటే "తాతి" అంటుంది. ఆ అమ్మాయి బొమ్మ చూపించినప్పుడల్లా పాపకంటే ముందు నేనే జవాబు చెప్పేస్తుంటే, చివరికి నవ్వేసి, "తాతగారూ, మీకు మాటలు బాగానే వచ్చండి, పాపని చెప్పనివ్వండి" అంది. పాపకి నాలుక ఎక్కడ ఆనించాలో ఇంకా పట్టుబడలేదనీ, సాధనతో వస్తుందనీ చెప్పింది. కొందరికి మాత్రం చెప్పదలచుకున్నది మనసులో స్పష్టంగానే ఉన్నా పెదవులూ నాలుకా అదుపులో ఉండవనీ, అది నరాల ఇబ్బందే తప్ప తెలివితక్కువతనం కాదనీ కూడా చెప్పింది. ఆ రెండో మాట వినేసరికి మా పెద్దమ్మ కొడుకు, అన్నయ్య, గుర్తొచ్చాడు.

కొల్లేరు ఒడ్డున మా ఊళ్ళో అన్నయ్య వలలు అల్లేవాడు. పుట్టుకతోనే వచ్చిన ఇబ్బంది వల్ల ఆయన మాట సాగి సాగి, ముక్కులోంచి వచ్చేది. అది నాకొక్కడికే అర్థమయ్యేది కాబట్టి, "ఏమంటున్నారండీ ఆయన?" అని ఊరంతా నన్నే అడిగేది. మన వయసువాళ్ళకి తెలిసే ఉంటుంది, పూర్వం చర్చిలో దొరల ఇంగ్లీషు ప్రసంగాన్ని పక్కన నిలబడి ఒకరు తర్జుమా చేసేవారు. నేను తెలుగునే తెలుగులోకి తర్జుమా చేసేవాణ్ణి.

నేను ఏలూరు కాలేజీలో చదివే రోజుల్లో, ఒక ఆదివారం అన్నయ్య మొట్టమొదటిసారి చర్చిలో సాక్ష్యం చెప్పడానికి, అంటే తన మనసులో మాట అందరి ముందూ చెప్పుకోడానికి, లేచాడు. వారమంతా వలల దగ్గర ఒంటరిగా కూర్చుని చెప్పాల్సిన నాలుగు మాటలూ పదే పదే పైకి అని చూసుకున్నాడు. పక్కన నేను నిలబడ్డాను. ఆయన ఒకటంటే నేను పది చెప్పాను, చర్చిలో ఏడవనివాళ్ళు లేరు, దెందులూరు నుంచి కూడా నన్ను పిలుచుకుపోయారు.

సరే, నిజం చెప్పేస్తాను. దెందులూరు నుంచి ఎవరూ పిలవలేదు. అసలు అన్నయ్య మాట నాకు సగమే అర్థమయ్యేది, మిగతా సగం నేనే అల్లేవాణ్ణి. ఆ రోజు ఆయనకి మాట పెగలడం ఆలస్యమయ్యేసరికి ఆగలేక, "నాలుక బాగుపడాలని ప్రార్థన చెయ్యమంటున్నారండి" అనేశాను. అందరూ లేచి ఆయన తల మీద చేతులు పెట్టి కన్నీళ్ళతో ప్రార్థన మొదలుపెట్టారు. ఆ చేతుల కింద ఆయన తల అడ్డంగా ఊపుతుంటే వణుకనుకున్నారు.

ఆడవాళ్ళ వైపు నుంచి పెద్దమ్మ లేచింది. "ఆగండయ్యా! మావాడన్నది అది కాదండి, వీడి కవిత్వమండి అదంతా. ఒరేయ్, నువ్విలా పక్కకి రా!"

పాస్టరు అయ్యగారు అందరినీ కూర్చోబెట్టి, "నువ్వే చెప్పు నాయనా, మాకేం తొందర లేదు" అన్నారు.

పెదవులు తుడుచుకుంటూ, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అన్నయ్య చెప్పిన ఆ నాలుగు మాటలూ ఇవీ: "నా నాలుక కోసం... ప్రార్థన వద్దండి. నేను చెప్పేదాకా... ఆగండి. చాలు." వెనక వరసవాళ్ళు వినబడలేదంటే మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. ఒక్కరూ కదల్లేదు. నేను లేకుండానే అందరికీ అర్థమైంది.

ఆ తర్వాత వలల కోసం వచ్చినవాళ్ళు ఆయన ఎదురుగానే కూర్చుని, ఆయన నోటి నుంచే వినేవారు. నాతో మాత్రం అన్నయ్య నెలరోజులు పలకలేదు.

అన్నయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటి పిల్లల ముద్దుమాటలు ఫోన్లలో పదిలంగా ఉంటున్నాయి గానీ, ఆయన గొంతు ఎక్కడా మిగల్లేదు. కళ్ళు మూసుకుని తలుచుకుంటే, చిన్ననాటి నుంచీ ఆయన నాతో అన్న కబుర్లన్నీ గబగబా, స్పష్టంగా, నా గొంతుతోనే వినిపిస్తాయి. వాటిలో ఆయనవెన్నో, నేను అల్లినవెన్నో నాకే తెలియదు. ఆ ఆదివారం నాటి నాలుగు మాటలే ఆయన గొంతుతో, ఆగి ఆగి వస్తాయి.