కుర్చీ బేరం

నా చిన్నప్పుడు, 1960 ప్రాంతంలో, అమెరికా దక్షిణాదిన ఒక చిన్న ఊళ్ళో మాకు గుడ్డల కొట్టు ఉండేది. మా రంగుని ఏ వరసలో వెయ్యాలో తోచక, ఊరివాళ్ళు నల్లవాళ్ళ వీధిలో మాకు ఇల్లు అద్దెకిచ్చారు. అలా దొరికింది పక్కింటి అక్క. కాలేజీలో చదివే నల్లజాతి అమ్మాయి. 'అక్కా' అంటే పలికేది. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది.

ఊరి నడుమ పెద్ద షాపులో ఆవిడకి సబ్బు అమ్మేవారు, రిబ్బను అమ్మేవారు. కాఫీ కౌంటర్ ముందు స్టూలు మీద మాత్రం కూర్చోనిచ్చేవారు కాదు. అది తెల్లవాళ్ళకే. కాలేజీ పిల్లలు వెళ్ళి, అడిగిన కాఫీ ఇచ్చేదాకా ఊరికే అక్కడ కూర్చోవాలనుకున్నారు. ఎవరేం చేసినా చెయ్యెత్తకూడదు, ఎదురు మాట అనకూడదు. ముందుగా సాధన చేసేవారు. ఓర్చుకోలేనివాళ్ళని తీసుకెళ్ళరు. అక్క ఆ సాధనలో అప్పటికే రెండుసార్లు తప్పింది. ఆ ఆదివారం ఆఖరి అవకాశం.

సాధన మా కొట్టు వెనక గదిలో. మధ్యాహ్నపు ఎండ గుడ్డ తానుల మీదుగా నీలంగా, పసుపుగా కారుతోంది. గదంతా నీళ్ళలో తేలుతున్నట్టుంది. కొట్లో బేరాలాడే నా నోటికి అప్పటికే పేరుంది కాబట్టి, ఏడిపించే తెల్లవాళ్ళ వేషం నాకిచ్చారు. నేను రెచ్చిపోయాను. స్టూలు తన్నాను, జుట్టు లాగాను, పంచదార డబ్బా నెత్తిన బోర్లించాను. అక్క స్టూలు అంచు పట్టుకుని కదలకుండా కూర్చుంది. కణతల మీదుగా పంచదార మెరుస్తూ మెల్లగా జారింది. చివరికి నాకే ఏడుపొచ్చింది. దగ్గరికెళ్ళి, మా కొట్టుకొచ్చే బేరగాళ్ళని చూసి నేర్చుకున్న రహస్యం చెవిలో చెప్పేశాను.

"అక్కా, లేచి గుమ్మం దాకా నడువు. వాళ్ళే వెనక్కి పిలుస్తారు. నేనెప్పుడూ అలాగే గెలుస్తా."

అక్క తల తిప్పలేదు. "నిన్ను పిలుస్తారు పిల్లా. నేను లేస్తే, స్టూలు తుడుచుకుంటారు."

ఆ పూట అక్క నెగ్గింది.

మర్నాడు నాన్న, నేను వీధికి ఇవతల నుంచి చూశాం. అద్దం వెనక చప్పుడు లేదు, అంతా కలలోలా జరుగుతోంది. ఎవరో అక్క నెత్తిన కాఫీ ఒంపారు. అది వేషం కాదు. అక్క కదల్లేదు. పొద్దు వాలేదాకా ఎవరూ ఆమెకి కప్పు అందించలేదు. చివరికి కౌంటర్ మీది దీపాలు ఒక్కొక్కటే ఆరాయి. కొట్టువాడు ఏప్రన్ విప్పి వెళ్ళిపోయాడు. అప్పుడు లేచింది అక్క.

"చూశావటే," అన్నాడు నాన్న నా చెయ్యి పట్టుకుని, "బేరంలో ముందు లేచిపోయింది కొట్టువాడే."

ఆ స్టూలు ఆవిడకి దక్కడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

ఇప్పుడు నేనుండే ప్లేనో ఊళ్ళో చీర బేరం చేసినా, సిగ్గులేకుండా గుమ్మం దాకా నడుస్తాను. "ఆంటీ, రండాంటీ, లాస్ట్ ప్రైస్ చెప్తా" అని కుర్రాడు పిలుస్తాడు, వెనక్కి వస్తాను. కానీ ఆ పిలుపుకి ముందు రెండు క్షణాల నిశ్శబ్దం ఉంటుంది. అప్పుడు నా కణతల మీదుగా పంచదార జారుతున్నట్టుంటుంది.