పదకొండు వారాల టెర్మిన్

2022 చలికాలం. డ్యూసెల్డార్ఫ్‌లో ఒక కంటి డాక్టరు ప్రాక్టీసులో, రిసెప్షన్ బల్ల వెనక నాకది ఆరో ఏడు. ప్రాక్టీసు అంటే ఇక్కడ డాక్టరు సొంతంగా నడుపుకునే క్లినిక్కు. బాపట్లలో నర్సింగు చదువుకున్నాను గాని, ఇక్కడ నా పనంతా ఫోనెత్తడం, టెర్మిన్లు ఇవ్వడం. టెర్మిన్ అంటే అపాయింట్‌మెంటు. వినడానికి చిన్న పనే. ఆ చిన్న పనిలోనే, నా చేతుల మీదుగా, ఒక మనిషి కన్ను పోయింది.

ఈ ఊళ్ళో జపాన్ వాళ్ళు ఎక్కువ. మర్యాదస్తులు, టైముకు వస్తారు, గొంతు పెంచరు అని మేం వాళ్ళందర్నీ ఒకే గాటన కట్టేసేవాళ్ళం. మనవాళ్ళను ఎవరైనా అలా కట్టేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా నేను చేసిందీ అదే. నిజానికి వాళ్ళలో రెండు రకాలు. కంపెనీలు జపాన్ నుంచి పంపిన కుటుంబాలకు ప్రైవేటు ఇన్సూరెన్సు ఉంటుంది, ఖర్చంతా కంపెనీదే. ఇక్కడి హోటళ్ళలో, సెలూన్లలో పని వెతుక్కున్నవాళ్ళకు మామూలు జనానికుండే ఇన్సూరెన్సే, దాన్ని కాస్సె అంటారు. ప్రైవేటు పేషెంటును చూస్తే డాక్టరుకు ఫీజు ఎక్కువ వస్తుంది. అందుకని మా కంప్యూటర్లో రెండు క్యాలెండర్లు. ప్రైవేటుది తెరిస్తే రేపో ఎల్లుండో ఖాళీ దొరుకుతుంది. కాస్సెది తెరిస్తే నెలల తరబడి నిండిపోయి ఉంటుంది. ఫోనెత్తగానే మా నోట్లోంచి వచ్చే మొదటి మాట ఒకటే: "ప్రైవేటా, కాస్సెనా?"

నవంబరులో ఒక సోమవారం హయాషి గారు ఫోన్ చేశారు. యాభై దాటిన ఆవిడ, ఊరి మధ్యలోని జపనీస్ సెలూన్‌లో జుట్టు కత్తిరిస్తారు. కాస్సె అని చెప్పారు. ఏమిటి ఇబ్బంది అని అడిగాను.

"కుడికంట్లో నల్ల చుక్కలు తేలుతున్నాయండి. ఒక్కోసారి మెరుపులా వస్తోంది. మీరు పనిలో ఉన్నట్టున్నారు, క్షమించాలి."

ఆ చుక్కల్ని ఫ్లోటర్స్ అంటాం. వయసుతో చాలామందికి వస్తాయి, సాధారణంగా ఏమీ కాదు. కానీ కొత్తగా, మెరుపులతో కలిసి వస్తే కంటి వెనక పొర, అంటే రెటీనా, చిరుగుతోందేమో ఆ రోజే చూడాలి. ఇది నాకు తెలియని సంగతి కాదు. కానీ బల్ల ముందు ఐదుగురు నిలబడి ఉన్నారు, రెండో లైను మోగుతోంది, ఆమె గొంతులో భయం లేదు. భయం లేదు కాబట్టి జబ్బు కూడా లేదనుకున్నాను. కాస్సె క్యాలెండరు తెరిచి పదకొండు వారాల తర్వాతి తేదీ చెప్పాను.

జర్మన్ ఆవిడైతే నా మీద ఎగిరిపడేది. మనవాళ్ళయితే "కొంచెం చూడండి మేడం" అని బతిమాలేవాళ్ళు. అలా ఎగిరిపడేవాళ్ళ కోసం, బతిమాలేవాళ్ళ కోసం రోజూ నాలుగు అత్యవసర స్లాట్లు అట్టేపెట్టి ఉంచుతాం. అడగందే అమ్మయినా పెట్టదంటారే, ఈ దేశంలో ఆఫీసులన్నీ ఆ సామెత మీదే నడుస్తాయి. హయాషి గారు అడగలేదు. చాలా థాంక్స్ అని చెప్పి ఫోన్ పెట్టేశారు.

ఏడో వారంలో నిషియామా గారు ఫోన్ చేశారు. ఒక పెద్ద కంపెనీ మేనేజరు భార్య, మా ప్రైవేటు పేషెంటు. చూపు తగ్గింది, రేపే కావాలన్నారు. మర్నాడు తొమ్మిదింటికి ఇచ్చాను. వచ్చేటప్పుడు ఆమె హయాషి గారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు.

"టెర్మిన్ నా పేరు మీదుంది, తెలుసు," అన్నారు నిషియామా గారు. "నా కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. నిన్న ఈవిడ కత్తెర నా చెవికి తగిలింది. మూడేళ్ళుగా నాకు ఈవిడే కత్తిరిస్తుంది, ఒక్కసారి కూడా ఇలా జరగలేదు. గుచ్చి గుచ్చి అడిగితే కుడికంటికి పరదా అడ్డం పడ్డట్టుందని చెప్పింది. మీరిచ్చిన తేదీకి ఇంకా నెల ఉందట. నా బదులు ఈవిణ్ణి పంపించండి."

డాక్టరు పది నిమిషాలు చూసి తనే యూనివర్సిటీ ఆసుపత్రికి ఫోన్ చేశారు. రెటీనా ఊడిపోయింది. మర్నాడే ఆపరేషన్ చేశారు. పొర అతుక్కుంది, చూపు మాత్రం రాలేదు. ఆ కంటికి వెలుతురూ నీడా తెలుస్తాయి, అంతే.

ఆ వారం నాకు అన్నం సయించలేదు. నాతో పనిచేసే స్వప్న వరంగల్ పిల్ల. ఆమె దగ్గర ఏడ్చాను.

"ఆ తేదీ ఇచ్చింది నేనే స్వప్నా."

"నువ్వొక్కదానివే కాదక్కా. ఫోనెత్తంగనే కంట్ల ఏమైతుందని మనం ఎవరం అడుగుతలేం. ఇన్సూరెన్సు కార్డేందని అడుగుతున్నం. టెర్మిన్ కార్డుకు ఇస్తున్నం, కంటికి కాదు."

రెండు నెలల తర్వాత హయాషి గారు చెకప్‌కు వచ్చారు. చక్కగా చుట్టిన మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టి, నడుము దాకా వంగి, మీ అందరికీ శ్రమ కలిగించానని క్షమాపణ చెప్పారు. నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో నాకే తెలియదు.

"పరదా పడ్డప్పుడైనా ఎందుకు ఫోన్ చేయలేదండీ?"

"మా దేశంలో పొద్దున్నే కార్డు పట్టుకెళ్ళి కూర్చుంటే ఆ రోజే చూస్తారు. దూరంగా తేదీ ఇచ్చారంటే, తొందర లేదని డాక్టరు ఆలోచించి ఇచ్చారన్నమాట. ఇక్కడికొచ్చాక నాకు పెద్ద జబ్బేదీ చేయలేదు, ఈ పద్ధతులు తెలియవు. మీరు పదకొండు వారాలన్నారు. డాక్టరు గారిని అడిగే చెప్పి ఉంటారు, ఇది పెద్దదేం కాదు అని ధైర్యం తెచ్చుకున్నాను. పరదా పడ్డాక కూడా ఆ తేదీని తలుచుకునే ధైర్యంగా ఉన్నాను."

నేను ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆమెకు ఆ నమ్మకమైనా మిగిలేది, నా ఉద్యోగానికి ఏ ముప్పూ ఉండేది కాదు. ఊరుకోలేకపోయాను.

"డాక్టరు గారిని నేను అడగలేదు. ఆ తేదీ నేనే ఇచ్చాను. మీ కన్ను సంగతి ఆలోచించి కాదు, మీ ఇన్సూరెన్సు చూసి."

"నిషియామా గారైతే?"

"మర్నాడే."

మాటకు ముందే వంగే ఆమె తల ఈసారి వంగలేదు. "ఆవిడకూ, హోటల్లో గిన్నెలు కడిగే అమ్మాయికీ నేను ఒక్కలాగే కత్తిరించేదాన్ని," అన్నారు మెల్లగా. సెలూన్ వాళ్ళు అప్పటికే ఆమెను పని మాన్పించారని తర్వాత తెలిసింది. ఆమె డబ్బా తీసి మళ్ళీ సంచిలో పెట్టుకుని వెయిటింగ్ రూములోకి వెళ్ళిపోయారు. ఇచ్చింది వెనక్కి తీసుకున్న జపాన్ మనిషిని ఈ ఆరేళ్ళలో నేను ఇంకొకరిని చూడలేదు. సరిగ్గానే చేశారు.

ఇప్పుడు ఫోనెత్తగానే "ఏం కనిపిస్తోంది?" అని అడుగుతున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కాకపోతే కాలింది నా చేతులు కావు. డాక్టరు దానికి ఒప్పుకున్నారు. రెండు క్యాలెండర్లు మాత్రం అలాగే ఉన్నాయి. అవి తన చేతిలో లేవంటారాయన.

నాకు తెలిసొచ్చింది ఇది. మా మీద అరిచేవాళ్ళు మమ్మల్ని నమ్మరు, అందుకే బతికి బయటపడతారు. మెల్లగా మాట్లాడి, థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసేవాళ్ళు మమ్మల్ని నమ్ముతారు. పదకొండు వారాలు ఆగమని మేం చెప్పేది వాళ్ళకే.