నాలుగో చాంబర్ పెంచితే మిగతా మూడూ పెరిగాయి

2023 ఆగస్టు. నరసరావుపేటలో ఒక చిన్న ఆఫీసులో నేను సి ప్లస్ ప్లస్‌లో ప్రోగ్రాములు రాసేదాన్ని. మిషన్లను దగ్గరగా ఉండి నడిపే భాష అది. రొంపిచెర్ల రోడ్డులోని ఒక మిరప కోల్డ్ స్టోరేజీకి, చల్లదనం ఎంత ఉండాలో చూసుకునే ప్రోగ్రాం నేనే రాసిచ్చాను. అక్కడ నాలుగు చాంబర్లు. చాంబర్ అంటే బస్తాలు పేర్చే పెద్ద గది.

ఒకరోజు ఓనరు గారు ఫోన్ చేశారు. "ఏమ్మా, మూడు చాంబర్లు వేడెక్కినయ్. తప్పు నీ ప్రోగ్రాందా, మా సైదులుదా?"

సైదులు అక్కడ పన్నెండేళ్లుగా ఆపరేటరు. ఫోన్ అతనికి ఇమ్మన్నాను.

"నేను నాలుగోదే పెంచా మేడం. సరుకు బయటికి తీయాల గదా, చల్లటి బస్తా ఒక్కసారే ఎండలోకి తెస్తే కాయ చెమ్మ పడుద్ది. మిగతా మూడూ వాటంతటవే పెరిగినయ్. రెండోది తగ్గిస్తే నాలుగోదీ తగ్గుద్ది. వాటికేందో చుట్టరికం ఉంది మేడం!"

నాకు నవ్వొచ్చింది. నాలుగు చాంబర్లకు నాలుగు వేర్వేరు స్ట్రక్చర్లు పెట్టాను. స్ట్రక్చర్ అంటే ఒక గది వివరాలన్నీ దాచుకునే పెట్టె అనుకోండి. వాటికి చుట్టరికమేమిటి, నా మొహం! అయినా రెండు రోజులు ఆఫీసులో పరీక్షించాను. నాలుగింటికీ అంకెలు టైపు చేసి ఒకటి మార్చాను. మిగతావి కదల్లేదు. మళ్లీ చేశాను. కదల్లేదు. అతను చెప్పేది నిజమైతే ఇక్కడెందుకు జరగడం లేదో బుర్రకెక్కలేదు. చివరికి విసుగొచ్చి రిపోర్టులో 'ఆపరేటరు పొరపాటు' అని రాసి పంపేశాను.

మర్నాడే సైదులును సోమవారం నుంచి పనిలోకి రావద్దన్నారు. ఆ సంగతి అతనే ఫోన్ చేసి చెప్పాడు. తిట్టలేదు. "ఒక్కసారి వచ్చి చూడండి మేడం" అన్నాడు, అంతే. శనివారం పొద్దున్నే బండి తీశాను.

సరుకున్న చాంబర్ల జోలికి పోకుండా నా లాప్‌టాప్‌లో ప్రోగ్రాం తెరిచి, "సీజన్ మొదట్లో ఎట్లా చేస్తావో అట్లాగే చెయ్యన్నా" అన్నాను. అతను మొదటి చాంబర్‌కి ఆరు డిగ్రీలు పెట్టాడు. రెండోదానికి వచ్చి 'కాపీ' బటన్ నొక్కాడు. మూడు, నాలుగుకీ అంతే.

"అంకెలు టైపు చెయ్యవా?"

"ఎందుకు చేస్తా? ముహూర్తం చూసి, కొబ్బరికాయ కొట్టి, ఓనరు గారు తన చేత్తో పెట్టేది మొదటిదానికే. మిగతా వాటికీ అయ్యే పోవాల. నేను వేరేగా నొక్కితే ఆయన చెయ్యి ఎట్లా అయిద్ది?"

నాలుగోది పెంచాను. మిగతా మూడూ పెరిగాయి.

కాపీ బటన్ నొక్కితే మొదటి స్ట్రక్చర్ నుంచి కొత్తది తయారవుతుంది. ఎలా తయారవ్వాలో చెప్పేదాన్ని కాపీ కన్‌స్ట్రక్టర్ అంటారు. మనం రాయకపోతే, మన కోడ్‌ను మిషన్ భాషలోకి మార్చే కంపైలరే ఒకటి రాసుకుంటుంది. నేను రాయలేదు. నా స్ట్రక్చర్‌లో అంకెలు నేరుగా లేవు, అవి ఎక్కడున్నాయో చెప్పే అడ్రసు ఉంది. దాన్ని పాయింటర్ అంటాం. కంపైలర్ ఆ అడ్రసునే కాపీ చేసింది. కొత్త ఇల్లు కట్టమంటే పాత ఇంటికే ఇంకో తాళంచెవి చేయించి ఇచ్చినట్టు. ప్రోగ్రాం రాసినప్పుడు కాపీ బటన్‌ను నేనూ పరీక్షించాను. అంకెలు సరిగ్గా వచ్చాయి, ఆ తర్వాత ఒకదాన్ని మార్చి చూడకుండా అంతటితో వదిలేశాను.

అక్కడే కూర్చుని డీప్ కాపీ రాశాను. అంటే కొత్తదానికి సొంత చోటు కేటాయించి, అంకెలను అందులోకి కాపీ చేయడం. అరగంట పని. తర్వాత ఓనరు గారి గదికి వెళ్లి, తప్పు నాదని, మొన్నటి రిపోర్టు అబద్ధమని రాసిచ్చాను.

"కంప్యూటర్ తప్పని రాస్తే చాలు గదమ్మా, నీ పేరెందుకు?"

"కంప్యూటర్‌కి చెప్పాల్సింది నేను చెప్పలేదండీ. సైదులు ఎప్పటికప్పుడు చూసి తగ్గించబట్టే సరుకు దక్కింది."

ఆయన సైదులును పనిలో ఉండమన్నారు. బయటికొచ్చాక సైదులు మెల్లగా అడిగాడు.

"ఆ కాగితం నాకు కూడా ఒకటి రాసియ్యండి మేడం. 'కంప్యూటర్ అబద్ధం చెప్పుద్దా, నువ్వే తాగి నొక్కి ఉంటావ్' అని మా ఇంటిది మూడు రోజుల నుంచి మాట్లాడటంలా. నేను తాగి చానా ఏళ్లయింది."

బండి సీటు మీదే కాగితం పెట్టి రాసి, సంతకం చేసిచ్చాను. అప్పటి నుంచి ఎవరైనా కంప్లయింట్ చేస్తే కోడ్ తెరవను. ముందు ఆ మనిషి పక్కన కూర్చుని చేతులు చూస్తాను. కోడ్‌లో తప్పు అరగంటలో పోయింది. నేను ఒక్క మాట రాసి ఆ ఇంట్లో పెట్టిన అనుమానం ఆ కాగితంతో పోయిందో లేదో మాత్రం నాకు తెలియదు. అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.