మజ్జిగ తాగిన ఆర్కిడ్

మొక్కలు పెంచితే ఓర్పు అలవడుతుందని చెప్పేవాళ్లెవరూ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఫణికుమార్‌ను చూసి ఉండరు. ఎర్రలైటు దగ్గర ఆగాల్సి వస్తే పక్క వీధిలోకి తిప్పి, ఊరంతా చుట్టి ఆఫీసుకు చేరే మనిషి. గిటార్ మొదలుపెట్టాడు, మారథాన్ మొదలుపెట్టాడు, ఇంట్లో బ్రెడ్ కాల్చడం మొదలుపెట్టాడు. ఏదీ చివరిదాకా సాగలేదు. ఇంటికొచ్చినవాళ్లకు భార్య భానుశ్రీ ఈ చరిత్రంతా కాఫీతో పాటు వడ్డిస్తుంది. అందుకే ఈ ఒక్క పువ్వునైనా పూయించి తీరాలని అతనికి పంతం పట్టింది.

ఆ పువ్వును అతను ఇంగ్లండ్‌లో చూశాడు. కంపెనీ పనిమీద వెళ్లినప్పుడు, పార్కింగ్ పక్క గట్టుమీద, ఎవరూ కోయని గడ్డిలో. గులాబీ రెక్కల మధ్య తేనెటీగ కూర్చుని ఉంది. అదిలించాడు. కదల్లేదు. వంగి చూస్తే అది ఈగ కాదు, గోధుమరంగు నూగుతో ఈగ వేషం కట్టిన పూరేకే. బీ ఆర్కిడ్ అని ఎవరో చెప్పారు. ఆ మోసం అతనికి తెగ నచ్చింది.

తిరిగొచ్చాక, విత్తనం నుంచి పెంచిన దుంప ఒకటి ఆగస్టులో నర్సరీ నుంచి తెప్పించాడు. ఈ మొక్క ఎండాకాలమంతా మట్టికింద నిద్రపోతుంది. వానలు మొదలయ్యాక ఆకులేస్తుంది, చలికాలం నేలకు అంటుకుని పడుంటుంది, వసంతం ముదిరాక పూస్తుంది. ఫ్రీమాంట్ వాతావరణం దానికి పుట్టిల్లు లాంటిదే. ఇసుక, పెర్లైట్ అనే తేలిక రాతిగుళ్లు, కాస్త సున్నపురాయి పొడి కలిపిన బీదమట్టి చాలు. మట్టిలోని ఒక రకం బూజుతో పొత్తు పెట్టుకుని బతుకుతుంది కాబట్టి, బలమైన తిండి పెడితే ఆ పొత్తు చెడుతుంది. నర్సరీ ఆయన ఫోన్లో ఒక్కటే చెప్పాడు, ఏమీ చేయకండి అని. ఫణికుమార్‌కు చేతకాని పని సరిగ్గా అదే.

నవంబర్లో ఆకులొచ్చాయి. జనవరిలోనూ అవే ఆకులు, అదే సైజు. ఈలోగా, ఆర్నెల్లుందామని వచ్చిన అత్తగారు చాముండేశ్వరి చేతిలో, పుల్లలా ఎండిన కరివేపాకు మొక్క గరాజ్‌లో చిగుళ్లేసింది.

"అత్తయ్యా, ఏం పోశారు దీనికి?"

"పులిసిన మజ్జిగ బాబూ. ఇంకేం పోస్తాం?"

"ఏ మొక్కకైనా పోయొచ్చా?"

"నాకు కరివేపాకు సంగతి తెలుసు. మీ దొరసాని ఏం తాగుతుందో మీరే అడగాలి."

అతను అడగలేదు. ఒక గ్లాసు పోశాడు. వారం తిరక్కుండా ఇంకో గ్లాసు పోశాడు. ఆకులు పసుపెక్కాయి, తర్వాత నల్లబడ్డాయి. కుండీ దగ్గరికెళ్తే పుల్లటి కంపు.

"ఆఫీస్‌లో కూడా ఇంతేనా? బాగా నడుస్తున్నదాన్ని ముట్టుకోకుండా ఉండలేవా?" అంది భానుశ్రీ.

"టెస్ట్ చేశా."

"ఫెయిలయింది కదా. ఆ పాట్ అమ్మకిచ్చేయ్, కొత్తిమీర వేసుకుంటుంది."

"ఇవ్వను."

మొండిగా అన్నాడు గానీ, లోపల దుంప బతికుందో లేదో అతనికీ తెలీదు. తవ్వి చూద్దామా అని నర్సరీకి ఫోన్ చేశాడు. పాత దుంప ఏటా ఎలాగూ పోతుందనీ, పక్కనే కొత్తది ఊరుతుందనీ, ఇప్పుడు కదిలిస్తే అదీ దక్కదనీ, జూన్ దాకా చేయి పెట్టొద్దనీ అవతలి నుంచి జవాబు. ఆ వసంతమంతా ఫణికుమార్ ఇంట్లో నిలవలేదు. అక్కర్లేని పాల కోసం కారేసుకుని వెళ్లాడు. కడిగిన కారునే మళ్లీ కడిగాడు. పూలు రావాల్సిన రోజుల్లో కుండీ ఉన్న పెరటివైపు కిటికీకి తెర దించేశాడు.

జూన్ రాగానే పేపర్ పరిచి కుండీ బోర్లించాడు. తల్లీ కూతుళ్లు వెనక నిలబడ్డారు. ముందు పాత దుంప దొరికింది. వేలు తగలగానే మెత్తగా చితికి తొక్క మిగిలింది.

"చెత్తబుట్ట తెస్తా," అంది భానుశ్రీ.

"ఆగు."

ఇసుకను గుప్పెడు గుప్పెడుగా వేళ్ల మధ్య జార్చాడు. బఠాణీ గింజంత తెల్లటిది ఒకటి అరచేతిలో మిగిలింది.

"రాయేమో బాబూ," అంది చాముండేశ్వరి.

నొక్కి చూశాడు. గట్టిగా ఉంది, కానీ రాయి కాదు. కొసన సన్నటి మొలక మొన. కొత్త దుంపే.

"పువ్వెప్పుడు మరి?" అంది ఆవిడ.

"ఇంత చిన్నదానికి వచ్చే ఏడు రాదత్తయ్యా. ఆపై ఏడు కూడా చెప్పలేం."

భానుశ్రీ ఈసారి ఎగతాళి చేయలేదు. "అప్పటిదాకా ఆగగలవా?" అని మాత్రం అడిగింది.

"ఆగలేను," అన్నాడు నిజాయితీగా.

కొత్త ఇసుకమట్టిలో దాన్ని పెట్టి, నీళ్లు పోయకుండా, గరాజ్‌లో కప్పు కింద అందనంత ఎత్తు షెల్ఫ్ ఎక్కించాడు. దిగి, నిచ్చెన భుజాన వేసుకుని పక్కింటి కొండల్ రావు దగ్గరికి నడిచాడు.

"కప్పుమీది గట్టర్లు మొన్ననే క్లీన్ చేపిచ్చిన గదా. నాకెందుకిది?" అన్నాడు కొండల్ రావు.

"మీకోసం కాదండీ. సెప్టెంబర్ దాకా ఇది మా ఇంట్లో ఉండకూడదు."

"నడుమ నువ్వే వచ్చి అడిగితే?"

"ఇవ్వొద్దు."

శనివారం పొద్దున్నే ఫణికుమార్ కొండల్ రావు ఇంటి డ్రైవ్‌వేలోకి రావడం చూసి, ఆయన బటన్ నొక్కి నిచ్చెన ఉన్న గరాజ్ తలుపు కిందికి దించేశాడు.