మేకల్లో పుట్టే అత్తగారు

ముత్తమ్మ అత్తగారు ఎవరెవరి మేకల కడుపుల్లోంచో మళ్ళీ మళ్ళీ పుడుతుండేది. ఈ మాట స్వయానా ముత్తమ్మే చెప్పేది.

ఎనభై నాలుగులో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎటు చూసినా హద్దురాళ్ళూ, లేస్తున్న గోడలూ, వాటి మధ్య పాత ఊరివాళ్ళ మేకలూ. మేక ఈనలేక అవస్థపడితే, బాటసింగారం నుంచి కూలి పనికి వచ్చి గుడిసె వేసుకున్న ముత్తమ్మకు కబురెళ్ళేది. మోచేతి దాకా నూనె రాసుకుని, కళ్ళు మూసుకుని లోపల చెయ్యి పెట్టేది. పిల్ల అడ్డం తిరిగితే సరిచేసి లాగేది. అవకరంతో పుడితే మాత్రం, "ఒచ్చినవా అత్తా!" అని గావుకేక పెట్టేది.

రెండు తలలతో పుడితే, "ఒక్క నోరు సాల్లేదా నీకు!" అనేది. కాళ్ళు లేకుండా పుడితే, "ఇగ ఎట్ల నా ఎంటపడ్తవ్?" అనేది. జనం నవ్వేవాళ్ళు. నవ్వుతూనే రెండడుగులు వెనక్కి వేసేవాళ్ళు.

తెనాలి నుంచి కొత్తగా వచ్చిన సుమిత్రమ్మకు ఇవేవీ తెలియవు. ఆమెకు ఏడో నెల. ఓ మధ్యాహ్నం పక్క ఖాళీ ప్లాటులో అంతయ్య మేక అరుపు విని పిట్టగోడ దగ్గరికొచ్చింది. రెండు బుల్లి కాళ్ళు బయటికొచ్చి ఆగిపోయాయి. తల రావడం లేదు.

"పిల్లకు పాణం లేదు," అంది లోపల చెయ్యి పెట్టి చూసిన ముత్తమ్మ. "తల పెద్దగుంది. మెత్తగుంది, నీళ్ళ సంచి లెక్క."

వేళ్ళ మధ్య బ్లేడు ముక్క దాచుకుని మళ్ళీ చెయ్యి పెట్టింది. బుడబుడమని నీళ్ళు కారాయి. ఉబ్బిన తల కుదించుకుపోయి, పిల్ల జారిపడింది.

నుదుటి నడుమ ఒకే ఒక కన్ను. తెరిచి ఉంది. సుమిత్రమ్మ పక్కకు జరిగింది. అయినా తననే చూస్తున్నట్టుంది. తాపీల చప్పుడు ఆగిపోయింది. తల్లిమేక ఆ కంటిని మెల్లగా నాకుతోంది.

"కడుపుతో ఉండి ఎందుకు చూశావే!" సుమిత్రమ్మ అత్తగారు హనుమాయమ్మ కోడలి కళ్ళకు కొంగు అడ్డం పెట్టింది.

"గామె నీడ పడే గిట్లయింది," అని గొణిగాడు అంతయ్య. అందరి తలలూ సుమిత్రమ్మ వైపు తిరిగాయి.

"ఒచ్చినవా అత్తా!" ముత్తమ్మ కేకకు అంతయ్య ఉలిక్కిపడ్డాడు. "గా కన్ను చూడుర్రి, నా దిక్కే! దీని పగంత నాతోనే. ఎవ్వలకూ సంబంధం లేదు!"

పిల్లను కొంగులో చుట్టుకుని, దానితో పోట్లాడుతూ వెళ్ళిపోయింది. జనం సుమిత్రమ్మను మరిచిపోయి, భయంభయంగా ముత్తమ్మకు దారి వదిలారు.

సుమిత్రమ్మకు మూడు రోజులు ముద్ద దిగలేదు. రెప్ప వాలిస్తే ఆ కన్నే. నాలుగో రోజు పొద్దున్నే ముత్తమ్మ గుడిసెకు వెళ్ళింది. అరుగు మీద ఓ ముసలమ్మ చుట్ట కాలుస్తోంది.

"ఈవిడెవరు ముత్తమ్మా?"

"మా అత్త."

సుమిత్రమ్మ గబుక్కున రెండడుగులు వెనక్కి వేసింది.

"భయపడకమ్మా, పాణంతోనే ఉంది. బాటసింగారంకెల్లి నిన్ననే ఒచ్చింది." ముత్తమ్మ గొంతు తగ్గించింది. "గా పిల్లకు కడుపులనే తల సరిగ్గ కట్టలే. గంతే. మనిషి చూస్తే అయ్యేది కాదు. చెప్తే ఎవలింటరు? ఓ మేకకు గిట్లాంటి పిల్ల పుడితే మా చెల్లె నీడే పడ్డదని ఇంట్లకెల్లి ఎల్లగొట్టిన్రు. అందుకే ఎవలో ఒకల పేరు తీయకముందే నేను అత్త పేరు పెట్టి ఒర్లుత."

"మరి ఈవిడ ఊరుకుంటారా?"

"గీ బద్నాం నేనే మోస్తనన్నది ఆమెనే."

ముసలమ్మ పొగ వదిలి అడిగింది. "ఈసారి నేనెట్ల పుట్టిన్నే?"

"ఒక్క కన్నుతోని, అత్తా."

"నయమే. రెండు కండ్లతోని నీ వంట చూడలేక సస్తున్న."

సుమిత్రమ్మకు నవ్వు పొంగుకొచ్చింది. ఆ వెనకే ఆకలి వేసింది. ముసలమ్మ పక్కన చతికిలబడి, ఆ వంటేదో తనకూ కాస్త పెట్టమంది.