పైకి ఫిర్యాదు

కుట్టు ఫ్యాక్టరీలో ఆమెను అందరూ ప్రార్థనక్క అంటారు. చెవుడొచ్చిన మేనమామకు ఇంటి సంగతులు చెబుతున్నట్టు ఆమె దేవుడితో గట్టిగా, వివరంగా, చెప్పిందే మళ్లీ చెబుతూ మాట్లాడుతుంది. ఒకరోజు సూపర్‌వైజర్ ఇస్త్రీపెట్టె ఆపడం మరిచిపోయి చొక్కాల కట్ట కాల్చేసి, నేరం ఆమె మీదికి నెట్టాడు. ఏళ్ల తరబడి కుట్టిన మిషను మీంచి లేపి, మేనేజరు ఆమె చేతికి చీపురిచ్చాడు. "పైకి ఫిర్యాదు చెయ్యక్కా," అన్నారు తోటివాళ్లు. "పైకే చేశాను," అంటూ ఆమె పైకప్పు కేసి చూపించింది. ఆదివారం చర్చిలో పాస్టరు, కీడు చేసినవాళ్ల కోసం ప్రార్థించమన్నాడు. ఆమె ముందు తన మిషను కోసం, తర్వాత తోటివాళ్ల కోసం ప్రార్థించింది. చివరికి కళ్లు తుడుచుకుని, "వాణ్ణి కూడా దీవించు ప్రభువా. తొందరేం లేదులే," అంది.

మర్నాడే సూపర్‌వైజర్ కొత్తమ్మాయికి కుట్టు చూపించబోయి, వేలిలో సూది దింపుకున్నాడు. అందరూ బొమ్మల్లా నిలబడిపోయారు. ప్రార్థనక్క చీపురు పారేసి పరుగెత్తింది. మిషను చక్రం తిప్పి సూది పైకి లేపి, కొంగు చింపి కట్టు కడుతూనే పైకి చూసి, "నేనిది అడగలేదు!" అని కసిరింది. అతను తల దించుకున్నాడు. "అక్కా, ఆ చొక్కాలు కాల్చింది నేనే."

"నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. మేనేజరుకే తెలీదు, వెళ్లి చెప్పు," అంటూ ఆమె ముడి కాస్త గట్టిగానే బిగించింది.